ఆఖరి బస్సు ఎన్నింటికో మీరే అడగండి

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. మాది రాజమండ్రి. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, ఒక గైడ్‌బుక్‌లో ఉత్తరాంధ్ర భాగాన్ని కొత్తగా సరిచూసి రాసే పని ఒప్పుకున్నాను. విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా, మధ్యలో అరకు, పాడేరు, మొత్తం 38 రోజులు. ఇచ్చేది ఒకటే మొత్తం. బస్సులు, లాడ్జీలు, భోజనాలు అన్నీ అందులోంచే. 12 రోజులు అయిపోయాయి. ఈపాటికి విజయనగరంలో ఉండాలి, ఇంకా విశాఖలోనే ఉన్నాను. పొద్దున్న ఆరింటికి బయటపడితే రాత్రి తొమ్మిదిన్నరకి రూముకొస్తున్నాను. తిని రాయడానికి కూర్చుంటే నాలుగు లైన్లకే నిద్ర ముంచుకొస్తోంది. ఫ్రెండ్సేమో "నీకేంటే, డబ్బులిచ్చి మరీ తిప్పుతున్నారు" అంటారు. అమ్మ రోజూ ఫోన్లో "ఒక్కదానివి, ఏంటీ తిరుగుడు" అంటుంది. సముద్రం పక్కనే ఇన్ని రోజులున్నా ఒక్కసారి కాళ్ళు తడుపుకోలేదు. వెళ్ళలేని చోట్ల వివరాలు నెట్లో చూసి రాసేయొచ్చా? ఒక రిసార్ట్ మేనేజరు రెండు రాత్రులు ఉచితంగా ఉండమంటున్నారు, ఉండొచ్చా? అసలు ఈ పనికి నేను పనికొస్తానా?
— ఎస్., విశాఖపట్నం నుంచి

జవాబు:

ఎస్. గారూ,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పనికొస్తారు. రోజంతా కాళ్ళరిగేలా తిరిగి, రాత్రి మళ్ళీ కాగితం ముందు కూర్చోవాలని తాపత్రయపడే మనిషి ఈ పనికి పనికిరాకపోవడం అంటూ ఉండదు. మీ ఓపికలో లోపమేమీ లేదు. మీ రోజు అమరికలోనే ఉంది ఇబ్బందంతా. నేను ఈ పని 11 ఏళ్ళు చేశాను. మొదటి ఏడాది భీమిలి బీచ్ రోడ్డు మీదుగా నాలుగుసార్లు వెళ్ళి, ఒక్కసారి కూడా ఆటో దిగలేదు. అందుకే మీ ఉత్తరంలో కాళ్ళు తడుపుకోలేదన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. నా మొదటి రెండేళ్ళలోది. ఏ ఊరో చెప్పను. అక్కడి బస్టాండులో గోడ మీద పసుపు రంగు వేసి, నల్లక్షరాలతో బస్సుల టైములు రాశారు. ఆఖరి బస్సు రాత్రి 8.40 అని ఉంది. ఆ రోజు నాకది పదిహేడో పని. బోర్డుకి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాను. పుస్తకం వచ్చిన ఐదు నెలలకి ఒక ఉత్తరం వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్ళు, భార్యాభర్తలు. గుడి చూసుకుని 8.10కి బస్టాండుకి వచ్చారట. ఆఖరి బస్సు 7.15కే వెళ్ళిపోయింది. టైము మారి రెండేళ్ళయింది, బోర్డు మాత్రం మారలేదు. ఆ రాత్రి టీకొట్టు బల్ల మీద కూర్చుని తెల్లవార్చారు. ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. "మీ పుస్తకం నమ్ముకుని వచ్చాం" అని ఒక్క వాక్యం, కింద పేజీ నంబరు. అంతే. ఆ పేజీ తీసి చూసుకున్నాను. గుడి చరిత్ర మీద ఎంతో ఇష్టపడి రాసిన పేరా ఉంది. దాని కింద ఆ తప్పు టైము ఉంది. బోర్డు కిందే కంట్రోలరు కూర్చుని ఉన్నాడు. "బాబూ, ఇదింకా ఉందా?" అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

అప్పటినుంచీ నేను పనిని రెండు కుప్పలుగా విడగొట్టుకుంటున్నాను. తప్పయితే మనిషి రోడ్డున పడేవి ఒక కుప్ప. తప్పయినా పెద్దగా నష్టం లేనివి ఇంకో కుప్ప. ఆఖరి బస్సు, వారంలో సెలవు రోజు, స్టేషన్ నుంచి ఊరికి దూరం, ఒక్క ఆడమనిషి వెళ్తే లాడ్జిలో రూమిస్తారా ఇవ్వరా, ఏజెన్సీ కొండ ఊళ్ళలో ఏటీఎం పనిచేస్తుందా, మెట్లెన్ని, ఇవన్నీ మొదటి కుప్పలోకి వస్తాయి. చరిత్ర పేరా, దోసె రుచి వర్ణన, పది ఇరవై రూపాయల తేడా రెండోదానిలోకి. మీరు విశాఖలో 12 రోజులు పెట్టారంటే రెండు కుప్పలకీ సమానంగా సమయం ఇస్తున్నారని నా అనుమానం. రెండోదాన్ని కొంచెం వదలండి. మొదటిదాన్ని ఎంత అలసట ఉన్నా వదలకండి.

కొన్ని ఉదాహరణలు మీ దారిలోవే చెప్తాను. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడినుంచి ఊళ్ళోకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రాత్రి పదకొండింటికి రైలు దిగే మనిషికి ఈ ఒక్క లైను అరసవల్లి సూర్యదేవుడి గుడి మీద రెండు పేజీల కంటే ఎక్కువ విలువ. విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. హైదరాబాదు నుంచి వీకెండ్‌కి వచ్చి, సోమవారం దాకా ఆగి దాన్ని చూద్దామనుకునే కుటుంబాలు ఎన్నో. సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలో ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే. తేదీ ఏటా మారుతుంది కాబట్టి తేదీ వేయకండి, తిథి వేయండి. పాత పుస్తకంలో అరకు విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి, అనకాపల్లి వేరే జిల్లా అయింది. ఇది బల్ల దగ్గర కూర్చుని సరిచేసే పని. దానికి తిరగక్కర్లేదు. తిరిగే రోజుల్లో ఇలాంటివి పెట్టుకోకండి.

ఇక రోజు సంగతి. మీరు పొద్దున్నే చూడవలసిన చోట్లకి వెళ్ళి, చీకటి పడ్డాక బస్టాండుకీ లాడ్జీలకీ వెళ్తున్నారని నా అంచనా. దాన్ని తిరగేయండి.

ఆరింటికి బయటపడుతున్నారు కదా, నేరుగా ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకి వెళ్ళండి. ఆ టైముకి డ్రైవర్లు, కండక్టర్లు టీ తాగుతూ ఉంటారు. అడిగితే విసుక్కోరు. ఎంక్వైరీలో చెప్పింది రాసుకుని, అదే రూటు కండక్టర్ని మళ్ళీ అడగండి. ఇద్దరూ ఒకటే చెప్తే రాయండి. వేరువేరుగా చెప్తే ముందు టైమే రాయండి. తొందరగా వచ్చి కూర్చున్నవాడికి పోయేదేమీ లేదు.

ఏడున్నర నుంచి పదకొండు దాకా గుళ్ళు, కొండలు, బౌద్ధ స్థలాలు. తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, ఇవన్నీ ఎండెక్కకముందే చూడవలసినవి. ఎక్కడెక్కడ నీడ ఉంది, నీళ్ళు దొరుకుతాయా, ఆడవాళ్ళకి బాత్రూము ఉందా. బాత్రూము గురించి అడగడానికి మొహమాటపడకండి. పాఠకులు పుస్తకంలో వెతుకుతారు, బయటికి అడగరు.

పదకొండు నుంచి మూడు దాకా లాడ్జీలు. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు, ఎండ ఎలాగూ ఉంటుంది. రాత్రి దిగినవాళ్ళు చాలామంది ఆ వేళకి ఖాళీ చేసి ఉంటారు. రాత్రి ఎనిమిదింటికి వెళ్తే రూములు నిండి ఉంటాయి, మేనేజరుకి తీరిక ఉండదు, మీకు కనిపించేది రిసెప్షనే. లాడ్జిలో పడుకుని చూడక్కర్లేదు. ఒక్కో లాడ్జికి పది నిమిషాలు చాలు. మేనేజరు చూపించే రూము చూసి, "అన్నిటికన్నా తక్కువ రేటుది చూపించండి" అని అడగండి. లోపలికెళ్ళి తలుపేసి గడియ పెట్టండి. గడియ కుదురుగా పడుతోందా, లేక లాగితే ఊడొచ్చేలా ఉందా చూడండి. పంపు తిప్పండి. దుప్పటి మూల ఎత్తి పరుపు చూడండి. కిటికీ తీసి అవతల ఏముందో చూడండి. ఫోన్లో సిగ్నల్ ఎంతుందో చూసుకోండి. వేడినీళ్ళు 24 గంటలా, పొద్దున్న రెండు గంటలేనా, చెకౌట్ 24 గంటలదా, మధ్యాహ్నం 12కా, ఇది కూడా అడగండి. ఆఖరున, "ఒక్క ఆడమనిషి వస్తే రూమిస్తారా?" అని అడగండి. మన వైపు చిన్న ఊళ్ళలో కొన్ని లాడ్జీల్లో ఇవ్వరు, ఆధార్ కార్డు చూశాక కూడా ఏవో వంకలు చెప్తారు. మేనేజరు వెంటనే "ఎందుకివ్వమండీ" అన్నాడా, పక్కవాడి మొహం చూశాడా, అది కూడా నోటుబుక్కులో పడాలి. ఈ ప్రశ్న ఎంత అవసరమో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. మీలాగా ఒంటరిగా వచ్చే అమ్మాయికి మీ పుస్తకంలో ఈ ఒక్క లైనే రాత్రి ధైర్యం.

నాలుగు తర్వాత నడక. మ్యాపులో ఉన్న సందులు నిజంగా ఉన్నాయా, వన్‌వే అయ్యాయా, ఫ్లైఓవర్ వచ్చి దారి మారిందా. తిండి సంగతి కూడా ఇక్కడే. రాయబోయే ప్రతి హోటల్లోనూ కడుపునిండా తినాలనుకుంటే నాలుగో రోజుకి మంచం పడతారు. నేను రెండు చోట్ల తింటాను. మిగతా చోట్ల ఒక ఇడ్లీయో, కాఫీయో తీసుకుని పక్క బల్లల మీద ప్లేట్లు చూస్తాను. ఆటోవాళ్ళు, మెడికల్ రెప్‌లు ఎక్కడ తింటున్నారో చూస్తాను. వాళ్ళ కడుపులు ఊరంతటినీ పరీక్షించేసి ఉంటాయి.

ఆరున్నరకి రూములో ఉండండి. స్నానం చేసి, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా రాయండి. భోజనం ఆ తర్వాతే. మీరు తిని రాస్తున్నారు, అందుకే నిద్రొస్తోంది. ఈ ఒక్క మార్పుతోనే నా పని గాడిలో పడింది. వాక్యాలు బాగుండక్కర్లేదు, ఆ రోజు చూసింది ఆ రోజే కాగితం మీద పడితే చాలు. మూడో రోజుకి ఏ లాడ్జిలో బాల్కనీ చూశారో, ఎక్కడ గడియ ఊడిందో కలగాపులగం అయిపోతాయి. అప్పుడు మళ్ళీ ఫోన్లు చేసుకోవాలి, మళ్ళీ వెళ్ళాలి. మీ 12 రోజుల్లో ఇలాగే కొన్ని కరిగిపోయి ఉంటాయి. ఏజెన్సీలోకి వెళ్ళాక ఫోన్‌ని నమ్ముకోకండి. సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కాగితం నోటుబుక్కు, రెండు పెన్నులు, పవర్‌బ్యాంకు ఉంచుకోండి.

ఇక మిగిలిన 26 రోజులు. నేనైతే ఇలా పంచుతాను. విశాఖకి ఇంకొక్క రోజు ఇచ్చి వదిలేయండి. పెద్ద ఊరు ఎప్పటికీ పూర్తి కాదు. అరకు, అనంతగిరి, బొర్రాకి నాలుగు రోజులు. అక్కణ్ణుంచి వెనక్కి రాకుండా పాడేరు, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగండి, మూడు రోజులు. దిగాక ఏటికొప్పాక బొమ్మలు, అనకాపల్లికి రెండు. విజయనగరం, బొబ్బిలికి మూడు. శ్రీకాకుళం, శ్రీకూర్మం, ముఖలింగం, కళింగపట్నం వైపు ఆరు. పలాస నుంచి ఇచ్ఛాపురానికి రెండు. మొత్తం 21. మిగతా ఐదు రోజులూ ముట్టుకోకండి. బంద్ ఉంటుంది, జ్వరం వస్తుంది, ఘాట్ రోడ్డులో లారీ అడ్డం పడుతుంది. ఏదీ కాకపోతే ఆ రోజులు రాతకి పనికొస్తాయి.

అరకుకి మామూలు రోజుల్లో వెళ్ళండి, కానీ ఒక్క ఆదివారం మాత్రం అక్కడ ఉండేలా చూసుకోండి. చలికాలం ఆదివారం ఘాట్ మీద కార్లు ఎలా ఆగిపోతాయో చూడకుండా "ప్రశాంతమైన లోయ" అని రాస్తే, పాఠకుడు ఆదివారమే వెళ్తాడు, మనల్ని తలుచుకుంటాడు. వంజంగి కొండ మీద మబ్బులు చూడడానికి ఇప్పుడు జనం తెల్లవారకముందే ఎక్కుతున్నారు. పాత పుస్తకంలో ఆ పేరే ఉండకపోవచ్చు. దానికి మీ అంతట మీరు చోటు కల్పించండి. ఎక్కడ బండి ఆపాలి, చీకట్లో ఎంతసేపు ఎక్కాలి, చెప్పులతో ఎక్కొచ్చా, ఇవి చాలు.

అరకుకి వెళ్ళేటప్పుడు మాత్రం పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కండి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను మీద 58 సొరంగాలున్నాయి. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు. అందులో రాసుకోవలసినవి మూడే. టికెట్లు ఎన్ని రోజుల ముందు అయిపోతున్నాయి, రైలు ఎంత ఆలస్యంగా చేరింది, గుహలు చూడాలనుకునేవాళ్ళు బొర్రాగుహలు స్టేషన్లో దిగి అరకుకి జీపులో వెళ్ళడం నయమా, అరకు దాకా వెళ్ళి వెనక్కి రావడం నయమా. ఆ మూడూ రాసుకున్నాక పెన్ను జేబులో పెట్టేయండి. సొరంగం దాటి వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ లోయ కొత్తగా కనిపిస్తుంది. పెట్టెలో పిల్లలు చీకటి పడగానే కేకలేస్తారు. మీరూ ఆ పిల్లల్లాగే చూడండి. పాఠకుడు డబ్బు పెట్టి వెళ్ళేది దానికోసమే, మీకు అదెలా ఉంటుందో గుర్తుండాలి.

నెట్లో చూసి రాయొచ్చా అని అడిగారు. ఫోన్ నంబర్లు, సెలవు రోజులు, టికెట్ ధరలు ఫోన్ చేసి కనుక్కోవచ్చు, తప్పులేదు. కంటితోనో, నాలుకతోనో, కాళ్ళతోనో తెలుసుకోవలసింది మాత్రం వద్దు. మాడుగుల వెళ్ళడానికి టైము చాలకపోతే "మాడుగుల హల్వాకి పేరు" అని రాయండి, అది అందరికీ తెలిసిన నిజం. వెళ్ళకుండా "నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది" అని రాయకండి. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయని రాయొచ్చు. మీరు ఆ నెలల్లో వెళ్ళలేదు కాబట్టి చూసినట్టు వర్ణించకూడదు. నెట్లో ఉన్న తప్పు మీ పుస్తకంలోకి ఎక్కితే అది అచ్చుపడ్డ తప్పు అవుతుంది. దాన్ని చూసి ఇంకొకరు నెట్లో రాస్తారు. ఎవరో ఒకరు వెళ్ళి చూసేదాకా ఆ గొలుసు తెగదు. వెళ్ళి చూడడానికే మీకు డబ్బిచ్చారు.

వెళ్ళలేని ఊళ్ళ జాబితా ఇవాళే ఎడిటర్‌కి పంపండి. "12 రోజులయ్యాయి, ఇక్కడున్నాను, ఈ నాలుగు చోట్లు ఈసారి చూడలేను, ఇవి ఫోన్లో కనుక్కుంటాను, ఇవి తీసేద్దాం" అని నాలుగు ముక్కలు. భయపడకండి. ఎడిటర్లకి పన్నెండో రోజు వచ్చిన కబురు ఇబ్బంది కాదు, ముప్ఫై ఆరో రోజు వచ్చేదే ఇబ్బంది. ఫోన్లో కనుక్కున్న ప్రతిదాని పక్కనా "ఫోన్" అని గుర్తు పెట్టండి.

రిసార్ట్‌లో ఉచితంగా ఉండకండి. మీ ఒప్పందంలోనే కూడదని ఉండొచ్చు, ఒకసారి చదవండి. లేకపోయినా వద్దు. ఒకరి ఇంట్లో అన్నం తిన్నాక వాళ్ళింట్లో నీళ్ళు రావని రాయడానికి చెయ్యి రాదు. మర్యాదగా చెప్పి, పగలు పది నిమిషాలు చూసి రండి.

డబ్బు విషయంలో ఇప్పుడు చేయగలిగింది తక్కువ. ప్రతి రూపాయీ రాసుకోండి. ఇచ్చిన మొత్తంలోంచి ఖర్చులు తీసేసి, తిరిగిన రోజులతోపాటు రాసిన రోజుల్ని కూడా కలిపి భాగించండి. ఆ అంకె చేతిలో ఉంటే తర్వాతి ఒప్పందంలో ఏజెన్సీ ఊళ్ళకి కారు ఖర్చు విడిగా అడగగలరు. ఆ అంకె లేక నేను ఆరేళ్ళు అడగలేదు.

మీ ఫ్రెండ్స్ మాటకి బాధపడకండి, వాళ్ళకి తెలియదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా ఏ ఊరు ఎన్ని ఆమడలు, బస ఎక్కడ, నీళ్ళెలాంటివి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, అన్నీ రాసుకుంటూ వచ్చారు. తిరుగు ప్రయాణం జగన్నాథం (పూరీ) మీదుగా, మీరిప్పుడు తిరుగుతున్న ఈ తీరం వెంటే. ఆ రాతని ఎవరూ విహారం అనరు. వెనక వచ్చేవాళ్ళ కోసం పడ్డ కష్టం అది. మీరు పడుతున్నదీ అదే.

అమ్మ సంగతి. ఆరున్నరకి రూముకి చేరితే ఆవిడ టెన్షన్ సగం తగ్గిపోతుంది. లాడ్జి పేరు, రూము నంబరు, లొకేషన్ రోజూ పంపండి. ఇంకొకటి చేసి చూడండి. "అమ్మా, నువ్వు శ్రీకూర్మం వెళ్తే ముందు ఏం తెలుసుకోవాలనుకుంటావు?" అని అడగండి. మా అమ్మని ఇలాగే ఒక గుడి గురించి అడిగితే, "మెట్లెన్ని, చెప్పులెక్కడ వదలాలి, ఎక్కువసేపు నుంచోవాలా" అంది. ఆ మూడింటిలో ఒక్కటి కూడా అప్పటిదాకా నా నోటుబుక్కులో లేదు. ఆ తర్వాత మా అమ్మ తిరుగుడు అనడం మానేసింది. "ఇవాళ ఏ ఊరు?" అని తనే అడిగేది.

విశాఖలో మీకు మిగిలిన ఆ ఒక్క రోజు సాయంత్రం పని పెట్టుకోకండి. బీచ్‌కి వెళ్ళండి. ఆర్కే బీచ్‌లో లోపలికి మాత్రం దిగకండి. అక్కడ అలలు లాగేస్తాయి, ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈ సంగతి మీ పుస్తకంలో స్పష్టంగా ఉండాలి. గట్టునే నిలబడి కాళ్ళు తడుపుకోండి, ముంత మసాలా తినండి.

ఇచ్ఛాపురం చేరాక నాకో ఉత్తరం రాయండి. స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఆటోకి ఎంత తీసుకున్నారో కూడా రాయండి.